పేరయ్య కేక, తాయారు చెయ్యి

గోదావరి కాలువ పక్కన వెలగలపాడు అనే ఊళ్ళో పేరయ్య అని ఒక వంట మేస్త్రి ఉండేవాడు. ఆయన చేతిలో అమృతం ఉండేది గాని, నోట్లో మాత్రం పిడుగు ఉండేది.

చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ళలో పెళ్ళయినా, గృహప్రవేశమైనా ఆయనే వండేవాడు. పనసపొట్టు కూరకి ఆయన ఆవ పెడితే ఆ ఘాటు వీధి చివరిదాకా వెళ్ళి మనుషుల్ని పిలుచుకొచ్చేది. ఆయన కేక ఇంకా దూరం వెళ్ళేది. "ఒరేయ్, పప్పూ!" అన్నాడంటే కాలువలో పడుకున్న గేదెలు తలెత్తి చూసేవి. ఊళ్ళోవాళ్ళు ఆయన్ని కేకల పేరయ్య అనేవారు. ఆయనకి వినపడకుండానే అనేవారు లెండి. అరిచేటప్పుడు ఆయనకి ఇంకేమీ వినపడదు కాబట్టి అదేమంత కష్టం కాదు.

భోజనాల బంతి మొదలైతే ఆయన ఒక చివర ఎత్తు స్టూలు వేసుకుని ఎక్కేవాడు. "ఉప్పు పడిందా? పప్పు! పప్పు వెనకాల నెయ్యి! నెయ్యేడిరా?" అని ఆయన కేకలు పెట్టడం, వడ్డించేవాళ్ళు ఆ కేకల వెంట పరుగులు తీయడం. ఆయన వాళ్ళకి ఒకటే సూత్రం నేర్పాడు.

"అడిగి వెయ్యండి. కావాలంటే వెయ్యండి, వద్దంటే ముందుకి నడవండి. అడగందే అమ్మయినా పెట్టదు. మనం అమ్మకంటే గొప్పవాళ్ళమేంటి?" అనేవాడు.

వినడానికి బాగానే ఉంది. కాని మన బంతుల్లో "వద్దు" అంటే ఏమిటో మీకు తెలుసు కదా. మర్యాదస్తుడు మొదటిసారి అడగ్గానే వద్దనాలి. రెండోసారీ వద్దనాలి, కాస్త నెమ్మదిగా. మూడోసారి "సరే, మీరింతగా అంటున్నారు కాబట్టి" అని వేయించుకోవాలి. పేరయ్య మనుషులు మొదటి వద్దుకే ముందుకి వెళ్ళిపోయేవారు. నా సంగతే చెబుతాను. నాకు పూర్ణం బూరెలంటే ప్రాణం. పేరయ్య వండిన పెళ్ళిళ్ళలో ఇరవై ఏళ్ళపాటు నేను ఒక్కొక్క బూరెతోనే లేచాను. ఇంటికొచ్చి చద్దన్నంలో మజ్జిగ పోసుకుని తినేవాణ్ణి. మా ఆవిడ "పెళ్ళి భోజనం బాగుందా?" అని అడిగేది. "బ్రహ్మాండం" అనేవాణ్ణి. ఏం చెయ్యను, అడిగి తినాలంటే మొహమాటమాయె.

ఆ వంటశాలలో తాయారు అనే ఆవిడ కూరగాయలు తరిగేది. ఆమెకి ముప్ఫయ్యేళ్ళుంటాయి. పుట్టినప్పటినుంచీ వినపడదు, అందుచేత మాటా రాలేదు. పట్నంలో వినపడని పిల్లల బడిలో పదో తరగతి దాకా చదువుకుంది. చేతులతో చకచకా మాట్లాడేది. ఆ చేతిభాష రానివాళ్ళకి అట్టముక్క మీద బొగ్గుతో రాసి చూపించేది. పక్క కత్తిపీట మీద ఆమె వదిన నాగరత్నం కూర్చునేది. నాగరత్నానికి ఆ భాష అంతా వచ్చు. ఈ కథలో వంటశాల సంగతులన్నీ నాకు చెప్పింది ఆవిడే.

తాయారుకి జీవితంలో ఒకటే కోరిక ఉండేది. బంతి చివర నిలబడి వడ్డన తాను నడిపించాలి. కూరగాయలు తరగడం ఆమెకి చిన్నతనమనిపించలేదు. కాని వంద మంది ఒకేసారి తృప్తిగా లేవడం చూడాలని, అది తన చేతి మీదుగా జరగాలని ఆమెకి ఆశ.

ఆరేళ్ళ క్రితం ఒకసారి ఆ అవకాశం కొద్దిగా వచ్చింది. ప్లీడరు గారి మనవడి అన్నప్రాసనకి మనిషి తక్కువై, పేరయ్య ఆమె చేతికి సాంబారు బకెట్టు ఇచ్చాడు. తాయారు బాగానే వడ్డించుకుంటూ వెళ్ళింది. వరస చివరి ఆకు ప్లీడరు గారిది. ఆయన తొందరపడి అప్పటికే పరమాన్నం వేయించుకుని కూర్చున్నారు. పేరయ్య అది చూసి, ఆమె వెనక నుంచి "ఆగు! ఆగు!" అని కేకలు పెట్టాడు. బంతి మొత్తం ఆగింది. వీధిలో పోతున్న ఎడ్లబండి ఆగింది. తాయారు ఒక్కతే ఆగలేదు. పరమాన్నం సాంబారులో మునిగింది. పైన ఒక ములక్కాడ ముక్క కూడా తేలింది. ప్లీడరు గారు ఆ ఆకు కేసి, గెలవాల్సిన కేసు ఓడిపోయినట్టు చూశారు.

"నీకు వినపడదు! వడ్డన నీకు పనికిరాదు!" అని పేరయ్య ఆమె మొహం మీద అరిచాడు. వినపడని మనిషికి ఇంకాస్త గట్టిగా చెబితే వినపడుతుందని ఆయన నమ్మకం. తాయారు పనికిరాదని ఊరంతా ఆ కేకతోనే విన్నది. తాయారుకి మాత్రం నాగరత్నం చేతులు కదిపితేనే తెలిసింది.

తాయారు అట్టముక్క మీద రాసింది: "మీరు వెనక నుంచి అరిచారు. ముందుకొచ్చి చెయ్యి చూపిస్తే ఆగేదాన్ని."

పేరయ్య అది చదివాడు. అట్టముక్కని తిరగేసి, దానిమీద వేడి మూకుడు పెట్టాడు. సంగతి అంతటితో సరి.

తరవాత ఆరేళ్ళూ తాయారు ప్రతి పెళ్ళిలోనూ అడుగుతూనే ఉంది, ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఆమె మాత్రం ఊరికే కూర్చోలేదు. తరిగే పని అయిపోగానే పందిరి గుడ్డ సందులోంచి బంతిని చూసేది. చూడగా చూడగా ఆమెకి ఒక సంగతి తెలిసింది. నోట్లో ముద్ద ఉన్నవాడు చేత్తోనే మాట్లాడతాడు! అన్నం మధ్యలో గుంట చేసుకుని కూర్చున్నవాడికి పులుసు కావాలి. పక్కవాడి ఆకు కేసి చూసేవాడికి ఏదో అందలేదు. ఆకుకి జానెడు ఎత్తున చెయ్యి అడ్డం పెట్టి, వేళ్ళ సందులు వదిలి, వద్దు వద్దంటున్నవాడికి ఇంకోటి కావాలి. రెండు చేతులూ ఆకు మీద బోర్లించి, మీదికి ఒంగిపోయినవాడికి మాత్రమే నిజంగా చాలు.

వదినామరదళ్ళు దీన్ని పందెం చేసుకున్నారు. ఫలానా ఆయనకి ఇంకా ఆకలి ఉందా లేదా అని తాయారు ముందే చెప్పేది. ఆయన చెయ్యి కడుక్కుని వెళ్తూ వంటలుడికే గాడిపొయ్యి వైపు ఎలా చూస్తాడో నాగరత్నం చూసి వచ్చేది. ఓడినవాళ్ళు దురద కంద తరగాలి. ఆరేళ్ళలో వెలగలపాడు పెళ్ళిళ్ళ కంద అంతా నాగరత్నమే తరిగింది.

అలా ఉండగా ఎర్రంశెట్టి సూరిబాబు గారి ఒక్కగానొక్క కూతురికి పెళ్ళి కుదిరింది. నిశ్చితార్థానికి పేరయ్యే వండాడు. అక్కడే చిక్కు వచ్చింది. పెళ్ళికొడుకు తాతగారు వీరభద్రం గారని, మహా మర్యాదస్తుడు. వడ్డించబోయిన ప్రతిదానికీ ఆయన వద్దన్నారు. వద్దన్నారు కదాని పేరయ్య మనుషులు ముందుకి వెళ్ళిపోయారు. పది నిమిషాల్లో ఆయన ఆకు ఖాళీ అయింది, ఆయన లేచారు. పెద్దాయన లేస్తే బంతి మొత్తం లేవాలి కదా, అది ఆచారం. నోటి దగ్గరకి వెళ్తున్న బూరెల్ని ఆకుల్లో వదిలేసి అరవై మంది మగపెళ్ళివారు లేచారు. తిరుగుదారిలో వాళ్ళంతా బస్సు ఆపి హోటల్లో ఇడ్లీలు తిన్నారన్న వార్త మర్నాటికల్లా సూరిబాబు గారి చెవిన పడింది.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు సూరిబాబు గారు పేరయ్యని పిలిపించారు.

"పేరయ్యా, నీ వంటకి వంక పెట్టను. కానీ ఈసారి కూడా మగపెళ్ళివారు ఆకలితో లేచారనుకో, మా పిల్ల అక్కడికెళ్ళి ఏం తలెత్తుకుంటది? నీ గరిటె మళ్ళీ ఈ ఊళ్ళో తిరగదు. ముందే చెప్తున్నాను, ఆయ్" అన్నారు.

"ఈసారి ఇంకా గట్టిగా అరుస్తానండి" అని మాటిచ్చాడు పేరయ్య. పాపం, ఆయనకి తెలిసిన మందు అదొక్కటే.

మాట తప్పలేదు కూడా. పెళ్ళికి ముందు రోజంతా గాడిపొయ్యి పొగలో నిలబడి, రెండు బ్యాండు మేళాల మీద గెలవాలని అరిచాడు. సాయంత్రానికి గెలిచాడు. తెల్లారి లేచి పప్పు గుండిగ దగ్గర నోరు తెరిస్తే "కుయ్" మని వచ్చింది. ఇంకా గట్టిగా ప్రయత్నిస్తే అదీ రాలేదు. ఆరెంపీ డాక్టరు వచ్చి గొంతులో లైటు వేసి చూశాడు.

"మూడు రోజులు నోరు తెరవకండి. తెరిచారో, మూడు నెలలు తెరిచే పనుండదు" అన్నాడు.

పదకొండు గంటలకి ముహూర్తం అయింది. మగపెళ్ళివారు ఇంకా తలంబ్రాల హడావిడిలో ఉన్నారని ఊళ్ళోవాళ్ళని ముందు కూర్చోబెట్టారు. ఆ మొదటి బంతిలో నేనూ ఉన్నాను. పక్కనే రెండు బ్యాండులు ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నాయి. పేరయ్య స్టూలెక్కి నోరు తెరవడం, మూయడం, చేతులు ఆడించడం చేస్తున్నాడు. కేక లేకపోయేసరికి వడ్డించేవాళ్ళు తాడు తెగిన లేగల్లా తిరిగారు. నా ఆకులో ఉప్పు మూడుసార్లు పడింది. ఆవకాయ నలుగురు వేశారు. పాయసం పప్పు కంటే ముందు వచ్చింది. అన్నం ఎప్పుడొచ్చిందంటారా? మజ్జిగ వచ్చాక వచ్చింది. బూరె మాట ఎత్తకండి, నాకు కళ్ళనీళ్ళు వస్తాయి.

తరవాతి బంతి మగపెళ్ళివారిది. సూరిబాబు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. పేరయ్య వంటశాలలోకి పరుగెత్తాడు. ఆయనకి కాచిన నెయ్యి కావాలి. వడ్డించేవాళ్ళలో పెద్దవాడైన చిట్టిబాబుకి, చిన్న గిన్నెతో పోస్తున్నట్టు చెయ్యి వంచి చూపించాడు. చిట్టిబాబు చేతులు కడుక్కునే చెంబు తెచ్చాడు. పేరయ్య తల కొట్టుకున్నాడు. చిట్టిబాబు పరుగెత్తుకెళ్ళి తలనొప్పి మాత్ర తెచ్చాడు.

ఇంతలో ఎవరో ఆయన ముందు నెయ్యి జాడీ పెట్టారు. చూస్తే తాయారు. పేరయ్య మరో చెయ్యి తిప్పాడు, ఆమె బూరెల బుట్ట మూత తీసింది. వేళ్ళు ముడిచి చూపించాడు, ఉప్పు గిన్నె జరిపింది. ఆయన ఆశ్చర్యపోయి ఆగాడు. ఆ రోజు పొద్దుటినుంచీ ఆయన చెప్పింది చెప్పినట్టు అర్థం చేసుకున్న మనిషి ఈ లోకంలో ఈమె ఒక్కతే.

తాయారు అట్టముక్క చూపించింది. "ఈ ఒక్క బంతీ నాకివ్వండి. ఒక్కరు ఆకలితో లేచినా మళ్ళీ వడ్డన మాట ఎత్తను" అని దానిమీద రాసి ఉంది.

పేరయ్య అలవాటు కొద్దీ తన చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఆడించాడు. నీకు వినపడదు కదా అని.

తాయారు వేలెత్తి ఆయన గొంతు చూపించింది. తనూ చెయ్యి అడ్డంగా ఆడించింది. మీకు మాట రాదు కదా అని.

నాగరత్నం కంద ముక్క నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తరవాత ఆ దురదకి రెండు రోజులు బాధపడింది. పేరయ్యకి కోపం వచ్చింది గాని, దాన్ని బయట పెట్టే దారి లేదు. ఆయన సూరిబాబు గారి మొహం చూశాడు. బ్యాండువాళ్ళని చూశాడు. చివరికి స్టూలు తెచ్చి తాయారు ముందు పెట్టాడు. ఆరేళ్ళ కోరిక అలా, గొంతు పోయిన మనిషి చేతి మీదుగా ఆమెకి దక్కింది. అయితే ఒక్క బంతికే. తప్పితే మళ్ళీ కత్తిపీటే.

పది నిమిషాల్లో తాయారు ఆరుగురు వడ్డనవాళ్ళనీ వరసలో నిలబెట్టింది. దోసిలి చూపిస్తే అన్నం. గరిటె తిప్పినట్టు చూపిస్తే పప్పు. వేళ్ళు గుండ్రంగా చుడితే బూరె. అరచెయ్యి ఎత్తితే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగాలి. రోజూ అన్నం తినేవాళ్ళకి ఆ భాష సగం ముందే వచ్చి ఉంటుంది, అందుకని నేర్పడం కష్టం కాలేదు.

"కేక లేకపోతే మాకెలా తెలుస్తదండీ?" అన్నాడు చిట్టిబాబు బెంగగా.

"ఒక్కో ఆకు అవగానే తలెత్తి ఆవిడకేసి చూడు నాయనా. మెడ ఉన్నది చొక్కా తగిలించుకోడానికేనా?" అంది నాగరత్నం.

చివరగా తాయారు పేరయ్య సూత్రాన్ని మార్చింది. అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి అందరికీ చూపించింది: "నోరు నమ్మకండి. చెయ్యి చూడండి."

మగపెళ్ళివారు వచ్చి కూర్చున్నారు. మధ్యలో వీరభద్రం గారు. మొదటి బంతిలో నిండని పొట్ట పట్టుకుని, పందిరి గుంజ పక్కన నిలబడి నేను చూస్తున్నాను. తాయారు స్టూలెక్కింది. బ్యాండులు రెండూ ఒకే పాటని రెండు రకాలుగా వాయిస్తున్నాయి. ఆమెకి వాటితో నిమిత్తం లేదు. చెయ్యి లేచింది, ఉప్పూ పచ్చడీ నడిచాయి. చెయ్యి తిరిగింది, పప్పు నడిచింది, దాని వెనకాలే నెయ్యి నడిచింది. ఎక్కడా తొక్కిసలాట లేదు.

అసలు పరీక్ష బూరెల దగ్గర వచ్చింది. ఆ బుట్ట తాయారే తీసుకుని వీరభద్రం గారి ముందుకి వెళ్ళింది.

"వద్దమ్మా, వద్దు వద్దు" అన్నారాయన, చెయ్యి అడ్డం పెట్టి.

తాయారు చెయ్యి చూసింది. ఆకుకి జానెడు ఎత్తున ఉంది. వేళ్ళ మధ్య ఒక బూరె పట్టేంత సందు కూడా ఉంది. ఆమె పక్క నుంచి రెండు బూరెలు వేసింది.

"అయ్యో, వద్దంటూంటే!" అన్నారాయన. చెయ్యి మాత్రం ఇంకో బెత్తెడు పైకి లేచింది. తాయారు బూరెలకి చిల్లు పొడిచి, నిండా నెయ్యి పోసింది. ఆయన తలొంచుకుని తిన్నారు. మళ్ళీ రెండు వేసింది.

"చెప్తూంటే వినపడదూ?" అన్నారు ఆయన నోటినిండా బూరెతో.

"నిజంగానే వినపడదండి ఆవిడకి" అన్నాడు పక్కనున్న ఆయన తమ్ముడు.

వీరభద్రం గారు తాయారుని ఎగాదిగా చూశారు. తరవాత ఆకు చూసుకున్నారు.

"అరవై ఏళ్ళబట్టి బంతుల్లో వద్దంటున్నానయ్యా. నా మాట నమ్మనిది ఈ అమ్మాయి ఒక్కతే" అన్నారు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఆయన కాళ్ళు సర్దుకుని, ఇంకాస్త స్థిమితంగా బాసింపట్టు వేసుకున్నారు. అది చూసి వరసలో ఉన్న వాళ్ళందరూ నడుముకి బిగించిన ఉత్తరీయాలు సడలించుకున్నారు.

తాయారు స్టూలు దగ్గరకి తిరిగి వెళ్ళింది. పరమాన్నం మొదలైంది. సరిగ్గా అప్పుడు ఆరేళ్ళ నాటి తప్పు మళ్ళీ తల ఎత్తింది. వీరభద్రం గారి ఆకులో పరమాన్నం పడింది. మజ్జిగపులుసు బకెట్టుతో చిట్టిబాబు అటే వస్తున్నాడు. ఫోటోలు తీసేవాడు లైటు వేస్తే, చిట్టిబాబు కళ్ళు అటుంటాయి గాని ఆకు మీద ఉంటాయా? తాయారు అవతలి వరసకేసి తిరిగి ఉంది. ఈ సంగతి చూసింది ఆమె వెనక నిలబడ్డ పేరయ్య ఒక్కడే.

పేరయ్య నోరు తెరిచాడు. "కుయ్" మంది. తాయారు వీపు వెనక రెండు చేతులూ ఊపాడు. ఊపుతూ ఊపుతూ ఆయన హఠాత్తుగా ఆగిపోయాడు. వీపుకి కళ్ళుండవన్న సంగతి ఆరేళ్ళ తరవాత ఆయన బుర్రకి ఎక్కింది. ప్లీడరు గారి పరమాన్నం కళ్ళముందు కదిలింది. ఇక ఒక్క క్షణం ఆగలేదు. అంత పొట్టా వేసుకుని, పంచె ఎగదోపుకుని, నీళ్ళ డ్రమ్ము చుట్టూ తిరిగి, పెళ్ళికొడుకు మేనత్త చీర చెంగు దాటి పరుగెత్తాడు. వెళ్ళి తాయారు కళ్ళెదుట నిలబడి అరచెయ్యి ఎత్తాడు. రెండో చేత్తో చిట్టిబాబుని చూపించాడు.

తాయారు గిరుక్కున తిరిగింది. అరచెయ్యి ఎత్తింది. పక్క ఆకు అవగానే, నేర్పినట్టే, చిట్టిబాబు తలెత్తి చూశాడు. గరిటె గాలిలోనే ఆగిపోయింది. ఒక్క పులుసు చుక్క మాత్రం జారి, వీరభద్రం గారి ఆకుకి రెండంగుళాల ఇవతల నేల మీద పడింది.

బంతి ఎప్పటిలాగే సాగింది. తింటున్నవాళ్ళెవరికీ ఏమీ తెలియలేదు. పేరయ్య మాత్రం డ్రమ్ముకి ఆనుకుని రొప్పుతూ తాయారు వైపు చూశాడు. ఆమె ఆయన వైపు చూసి, ఆయన తన ఎదురుగా వచ్చి నిలబడ్డ చోటు చూపించి, బాగుందన్నట్టు తల ఊపింది. పేరయ్య సిగ్గుపడ్డాడు. ఆయన సిగ్గుపడటం ఊళ్ళో ఎవరూ అంతవరకూ చూడలేదు. నేను చూశాను.

చివరికి వీరభద్రం గారు రెండు చేతులూ ఆకు మీద బోర్లించి ఒంగిపోయారు. తాయారు ఆ వైపు వెళ్తున్న బుట్టని వెంటనే వెనక్కి తిప్పించింది. మొత్తం గంటా పది నిమిషాలు ఆ బంతి కూర్చుంది. వీరభద్రం గారు లేవబోయి, లేవలేక, ఇద్దరు మనవల్ని పిలిచారు. వాళ్ళు చెరో రెక్కా పట్టుకుని లేపారు. ఆయన లేచాక అందరూ లేచారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు చెయ్యి వేసుకుని. హోటలు మాట ఎవరి నోటా రాలేదు.

"మా ఇంటి కోడలిని ఇంత కడుపునిండా పెట్టే ఊరి నుంచి తీసుకెళ్తున్నాం. మేమూ అలాగే చూసుకోవాలన్నమాట" అన్నారు వీరభద్రం గారు. సూరిబాబు గారు పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నారు.

చెయ్యి కడుక్కుంటూ పెళ్ళివారి ఆడవాళ్ళలో ఒకావిడ అంది: "పాపం, చెవిటిదైనా ఎంత బాగా చేసిందో!"

తాయారుకి వినపడలేదు. నాగరత్నం చేతులతో చెప్పింది. తాయారు అట్టముక్క తీసుకుని రాసి, ఆవిడకి చూపించింది: "పాపం అన్నవాళ్ళకి రేపటి అప్పగింతల భోజనంలో ఒక బూరె తక్కువ."

ఆవిడ చదివి గతుక్కుమంది. తరవాత పకపకా నవ్వి, చెవులు పట్టుకుని, తప్పయిందన్నట్టు చూపించింది. మర్నాడు ఆవిడకి మూడు బూరెలు పడ్డాయని విన్నాను.

నాలుగో రోజున పేరయ్యకి గొంతు వచ్చింది. గాడిపొయ్యి దగ్గర నిలబడి, తొలి కేకగా "తాయారూ!" అన్నాడు. కాలువలో గేదెలు తలెత్తాయి. తాయారు గుమ్మడికాయ తరుగుతూనే ఉంది. పేరయ్య నాలిక్కరుచుకున్నాడు. పొయ్యి చుట్టూ తిరిగి, ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. స్టూలు చూపించాడు, ఆమెని చూపించాడు. తరవాత వచ్చీరాని చేతిభాషలో ఇంకేదో చెప్పాడు. తాయారు నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏమన్నాను?" అని నాగరత్నాన్ని అడిగాడు పేరయ్య.

"ఇకనుంచి మీ స్టూలుకి ఉప్పు వెయ్యమన్నారండి" అంది నాగరత్నం.

తాయారు ఆయన వేళ్ళు పట్టుకుని సరిగ్గా పెట్టింది. ఈసారి సరిగ్గా వచ్చింది: ఇకనుంచి ప్రతి బంతీ నీదే.

అప్పటినుంచి వెలగలపాడు పెళ్ళిళ్ళలో పేరయ్య వండుతాడు, తాయారు వడ్డన నడిపిస్తుంది. తాను చదివిన బడి నుంచి మరో ఇద్దరిని తెచ్చి పనిలో పెట్టుకుంది. పోలియో వచ్చి ఒక కాలు సరిగ్గా నడవని కామేశం అని ఒకతను కూడా పనిలో చేరాడు. సరుకుల గదికి మెట్లుంటే ఎక్కలేనన్నాడు. తాయారు అడగ్గానే పేరయ్య మర్నాడే ఆ గదిని మెట్లు లేని చావడిలోకి మార్చేశాడు. ఇప్పుడు ఏ సరుకు ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలిగేవాడు కామేశమే.

వడ్డించేవాడు మనవాడైతే కడ బంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. తాయారు నాకు చుట్టం కాదు, స్నేహితురాలు కాదు. అయినా మొన్న ఒక పెళ్ళిలో కడ బంతిలో కూర్చుని, బూరెలకి "వద్దు వద్దు" అన్నాను. ఆమె నా చెయ్యి కేసి ఒక్కసారి చూసి, నాలుగు వేసింది. ఇరవై ఏళ్ళ తరవాత ఆ రోజు నేను ఇంటికొచ్చి చద్దన్నం అడగలేదు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, ఇది గుర్తుంచుకోండి: ఒక మనిషికి ఏది రాదో ముందే తేల్చేసే మన అలవాటే ఆ మనిషి దారికి పెద్ద అడ్డం, ఆ అడ్డం మనం తీసి, ఎదురుగా వచ్చి అడిగితే, ఆ మనిషికి ఏది వచ్చో మన కడుపు నిండేలా తెలుస్తుంది.